ఊదుడు మిషన్ మీద నా ఫిర్యాదు

మేడ్చల్‌లో ఒక సర్జికల్ సామాన్ల దుకాణం ఉంది. దాని ముందే నేను రోజూ కంపెనీ బస్సు ఎక్కుతాను. అయినా అందులో దూది కూడా కొనను. మొన్న ఇంట్లో థర్మామీటరు పగిలితే అల్వాల్ దాకా పోయి తెచ్చుకున్నాను. ఆ దుకాణంలో నాకు జరిగింది చాలా చిన్న విషయమని మా ఆయన అంటాడు. అది ఆయనకు జరగలేదు.

గాలి ఊదితే మందు తాగిందీ లేనిదీ చెప్పే మిషన్ ఉందా అని ఆ దుకాణంలో అడిగాను. కౌంటర్ వెనక మనిషి నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవలికమ్మా? సారుకా, నీకా?" అన్నాడు. పక్కన మోకాలి పట్టీ బేరం చేస్తున్న ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఉందా లేదా అని మళ్లీ అడిగాను. లేదట. సరుకే లేనివాడికి అది ఎవరికో తెలుసుకోవాల్సిన పనేమిటి?

ఆ మిషన్ మా ఆయనకే. ఆయన దేవరయాంజాల్ గోదాముల నుంచి కంటైనర్ లారీలు తోలుతాడు. సికింద్రాబాద్‌లో ఒక ఏజెన్సీ వాళ్లు యూరప్‌లో లారీ డ్రైవర్లు కావాలని చెబితే పేరు ఇచ్చాడు. లైసెన్సు చూశారు, కళ్లు చూశారు, తీసుకుంటామన్నారు. ఇంక మిగిలింది రెండే. షామీర్‌పేట అవతల ఒక మైదానంలో ఆ దేశపు కంపెనీ మనిషి ముందు ట్రైలర్ నడిపి చూపించాలి. అక్కడి ప్రమాణాల ముద్ర ఉన్న ఊదే మిషన్ ఎవరిది వాళ్లే కొనుక్కుని వెంట తెచ్చుకోవాలి. ఆ దేశంలో డ్రైవరు ఊపిరిలో మందు సున్నా ఉండాలట. మన దగ్గర పోనిచ్చే కొంచెం కూడా అక్కడ పోనివ్వరు. పొద్దున ఊది సున్నా చూపిస్తేనే తాళంచెవి ఇస్తారు.

వయసు దాటిపోతోంది. ఈసారి కాకపోతే ఆయనను ఇంకెవరూ తీసుకోరని ఏజెన్సీ అతను మొహం మీదే చెప్పాడు. నేను ఎందుకు అంతగా పట్టుబట్టానంటే ఇంకో కారణం కూడా ఉంది. ఒక బోనాల పండుగనాడు, బంధువులందరూ కూర్చుని తింటుంటే, మచ్చ బొల్లారంలో ఉండే మా పెద్ద ఆడబిడ్డ, "మా తమ్ముడు ఉత్తగ తాగుతుండా? దీని నోటికి తాళలేక తాగుతుండు" అంది. నా విస్తరి ముందే అంది. వడ్డిస్తున్నవాళ్ల చెయ్యి ఆగింది. ఆ మాట తర్వాత నేను ఆ ఇంట్లో తిన్న మెతుకు లేదు. మా ఆయన పోయి ఆ దేశంలో రోజూ సున్నా ఊదుతుంటే అప్పుడు ఆమె ఏమంటుందో వినాలనుకున్నాను.

ఆయన కూడా మొండిగా నిలబడ్డాడు. అది చెప్పకపోతే అన్యాయం. ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చిన ఆదివారమే కీసరగుట్టకు పోయాం. దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టి, ఇక మందు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. గుట్ట దిగుతుంటే మెట్ల మీద ఆగి, కోతి ఎత్తుకుపోయిన కొబ్బరిచిప్ప వైపు చూస్తూ, "అది గూడ సాక్షే" అన్నాడు. ఆ తర్వాత విస్కీ గాని బ్రాందీ గాని ఆయన నోటికి తగల్లేదు. తోటి డ్రైవర్లు గ్లాసు ముందు పెట్టి ఎగతాళి చేసినా తగల్లేదు.

మిషన్ ఏది కొనాలో చెప్పేవాళ్లు దొరకలేదు. మా వీధి చివర కొత్త కాలనీలో కోస్తా నుంచి వచ్చి ఇల్లు కొనుక్కున్న సారొకరు ఉన్నారు. ఆయన ఉద్యోగం మీద బయటి దేశాల్లో ఉండి కారు నడిపిన మనిషి. అడిగితే వరండాలో కూర్చోబెట్టి ఓపిగ్గానే చెప్పారు. ఒకసారి ఊది పారేసే గొట్టాలు ఉంటాయట, లోపలి పలుకులు రంగు మారతాయి, తేదీ దాటితే పనికిరావు. చవక మిషన్లలో ఉండే సెన్సారు సిగరెట్ పొగకూ సెంటుకూ కూడా పలుకుతుందట. ఫ్యూయల్ సెల్ అనే రకం సెన్సారు ఉన్నది కొనమన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఈ రూల్సన్నీ మనవాళ్లకి అలవాటుండవు కదండీ. ముఖ్యంగా మీ వైపు..." అని మిగతాది మింగేశారు. మింగిన సగం నాకు పూర్తిగా వినబడింది. టీ తాగకుండానే లేచి వచ్చాను.

నేను మందుల కంపెనీలో క్వాలిటీ గదిలో పని చేస్తాను. పొద్దున పోగానే తూకం మిషన్ మీద బరువు తెలిసిన రాయి పెట్టి, అది ఆ బరువే చూపిస్తోందా అని సరిచూస్తాం. చూపించకపోతే దాని మీద చిటికెడు పొడి కూడా తూయం. అందుకని మిషన్ ఎంచుకోవడం నాకు చేతనవుతుందనుకున్నాను. ఫోన్‌లో వారాల తరబడి చూశాను. ఒక మిషన్ రక్తంలో లెక్క చెబుతుంది, ఇంకోటి ఊపిరిలో లెక్క చెబుతుంది. ఒక మనిషి ఊదిన ఒకే ఊపిరికి ఒక్కోదాంట్లో ఒక్కో అంకె. ఆ దేశపు చట్టంలో రాసిన లెక్కలోనే చూపించేది కావాలి, అక్కడి ముద్ర ఉండాలి, ఏడాదికోసారి సరిచూసి ఇచ్చేవాళ్లు ఇక్కడే ఉండాలి, విడిగా ఊదే గొట్టాలు దొరకాలి. మా ఆయన మధ్యలో తొంగిచూసి, "పెండ్లిసంబంధం గూడ ఇంత చూడలే గదనే" అన్నాడు. చూసి ఉండాల్సిందని అన్నాను.

చివరికి ఒకటి ఎంచుకున్నాను. నల్లటి డబ్బాలో వచ్చింది, సర్టిఫికెట్‌తో సహా. మొదట నేను ఊదాను. సున్నా. ఆ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మా ఆయనను కూర్చోబెట్టి, నీళ్లతో నోరు పుక్కిలించమని, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో రాసినంతసేపూ ఆగి ఊదించాను.

సున్నా రాలేదు. మిషన్ ఎర్రగా వెలిగి కుయ్యిమంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "గుట్ట మీద ఒట్టు" అన్నాడు. నాకు అనుమానం లేదు. మందు వాసన ఎలా ఉంటుందో ఆయన భార్యకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెల్లారి ఊదిస్తే సున్నా. సాయంత్రం మళ్లీ ఎరుపు. ఇంకో పొద్దున కొంచెం, ఇంకో పొద్దున సున్నా. ఒక పూట ఒక మాట చెప్పే తూకాన్ని మా గదిలో అయితే పక్కన పెట్టి ఎర్ర కాగితం అంటిస్తాం. నేనూ అదే చేశాను. అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు పెట్టాను.

వాళ్లు మొదట బ్యాటరీ మార్చమన్నారు. తర్వాత గొట్టం మార్చమన్నారు. తర్వాత, మిషన్ సరిగ్గానే ఉంది మేడం, ఊదే పద్ధతి చూసుకోండి అన్నారు. ఊదే పద్ధతి నాకు నేర్పుతారా! నేను పైవాళ్లకు రాశాను, వాళ్ల పైవాళ్లకు రాశాను, వినియోగదారుల ఫోరానికి పోతానని రాశాను. అప్పుడు ఇంకో మిషన్ పంపారు. అదీ అంతే. మైదానంలో నడిపి చూపించే ట్రయల్ దగ్గరపడుతోంది. నేను మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి మెత్తటి గొంతుతో ఒక అమ్మాయి మాట్లాడింది. నా ఫిర్యాదు మొదటి నుంచీ విన్నది ఆ అమ్మాయి ఒక్కతే.

"సార్ ఆ రోజు ఇంకేమైనా తీసుకున్నారా మేడం? దగ్గు మందు, హోమియో లాంటివి?"

"ఏం లేదమ్మా. డ్యూటీ దిగినంక రెండు సీసల కల్లు, ఇంటికొచ్చి అన్నం. గంతే."

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది. లైను కట్ అయిందనుకున్నాను.

"మేడం... కల్లు కూడా ఆల్కహాలే కదా మేడం" అంది.

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వు ఆపుకుందని మాత్రం నాకు తెలుసు. మందుల కంపెనీలో పనిచేస్తూ ఆ మాత్రం తెలియదా అని ఇది చదివేవాళ్లు అంటారు. చదువు సంగతి వేరు, ఇంటి సంగతి వేరు. మా ఇళ్లలో బోనం ముందు అమ్మవారికి ధారగా సాక పోసేది కల్లే. పిల్లలకు అమ్మవారు పోస్తే రెండు గుక్కలు తాగించేది కల్లే. మా అత్తమ్మకు చివరి రోజుల్లో గంజి దిగలేదు, కల్లు దిగింది. నా పెళ్లిచూపుల్లో మా బాపు, పిల్లగాడు తాగుతాడా అని అడిగితే, వాళ్ల పెద్దమనిషి, "ఏం తాగడు, ఉత్త కల్లు" అన్నాడు. మా బాపు తృప్తిగా తల ఊపాడు. ఆ వాకిట్లో కూర్చున్నవాళ్లు ఒక్కరైనా నవ్వలేదు. రోజూ సాయంత్రం ఆయన దగ్గర పుల్లటి వాసన వస్తూనే ఉంది. అది నాకు చెమట వాసనలాగే, డీజిల్ వాసనలాగే డ్యూటీ వాసన. తాగుడు అని ఎవరూ అనలేదు. ఆయన ఒక్క రోజు కూడా దాచలేదు.

చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు.

"కల్లు మందెట్లయితదే? చెట్టు మీది నీళ్లు. నేను గుట్ట మీద మందు బంద్ అన్న. కల్లు బంద్ అన్ననా?"

"అనలే."

"మరి?"

మిషన్ ఆయన చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, "సరే తీ, అది గూడ బంద్ పెడ్త. కల్లు ఇడిసిపెట్టుడు గూడ ఒక పనేనా" అన్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం సున్నా వచ్చింది. ఆ తర్వాతా సున్నాయే. నేను ఆ సున్నాను ఫోటో తీసుకున్నాను కూడా.

తర్వాత చేతులు మొదలయ్యాయి. చాయ్ కప్పు సాసర్‌లో గలగలమనేది. చొక్కా బొత్తాం పెట్టుకోలేక నన్ను పిలిచాడు. నిద్ర లేదు, ఒళ్లంతా చెమట. ఒక మధ్యాహ్నం మెడ ఒక పక్కకు లాగేసి అలాగే ఉండిపోయింది, గోడ మీద లేని బల్లిని తోలమన్నాడు. డ్యూటీకి సెలవు పెట్టించి మేడ్చల్‌లో డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. డాక్టరు మొదట అడిగిన మాట, కల్లు ఎన్నాళ్ల నుంచి అని కాదు, ఏ దుకాణంలో అని. చెప్పగానే తల ఊపాడు. అంత కల్లు గీయడానికి అక్కడ అన్ని చెట్లు ఎక్కడున్నాయమ్మా అన్నాడు. నిజమే, ఆ వైపు ఈతచెట్లు ప్లాట్ల కిందకు పోయి చాలా కాలమైంది. దుకాణంలో సీసాలు మాత్రం తగ్గలేదు. కొంచెం కల్లుకు నీళ్లూ మత్తు పొడీ కలిపి అమ్ముతారట, ఒళ్లు దానికి అలవాటు పడుతుందట, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు కూడా వస్తుందట. నెమ్మదిగా నెలల మీద మాన్పించాలని గోళీలు రాశాడు. ఆ గోళీలు వేసుకుని బండి నడపకూడదన్నాడు. ఆ పొడి పేరు కూడా చెప్పాడు. అలాంటి పేర్లున్న డబ్బాల మధ్యే నా ఉద్యోగం.

"మరి గా పొడి మిషన్ల సూపెట్టదా?" అని అడిగాను.

"ఊదితే తెలిసేది కాదమ్మా అది. మీ మిషన్ ఆల్కహాల్ ఒక్కటే చూస్తది" అన్నాడు.

ట్రయల్ వెనక్కి జరపమని ఏజెన్సీని బతిమాలాను. నేను ఎవరినీ బతిమాలను. అతను, విమానం దిగే కంపెనీ మనిషి మీ ఆయన మెడ కోసం ఆగడని అన్నాడు. ఆ మాట కూడా నా దగ్గర భద్రంగా ఉంది.

ఆడబిడ్డ వచ్చింది. తమ్ముడి చేతులు చూసి ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకోకముందే నా మీదకు తిరిగింది. "తాగెటోన్ని తాగనిస్తె మనిషన్న ఉంటుండె. నీ మిషన్ల సున్నా వస్తె నీ కడుపు నిండుతదా?" అంది. చేతిసంచిలో నుంచి ఒక కల్లు సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఒక్క సీసా తాగిస్తే మంచిగవుతాడట. నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు నేనే వద్దని లాక్కుంటే ఇవాళ ఆ సంగతి కూడా నా నోటి లెక్కలో రాసేవాళ్లు. ఆయన సీసా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, "ఒద్దక్కా, మిషన్ ఉన్నది" అన్నాడు.

ట్రయల్ రోజు నా స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని పోయాను. అంతంత లారీలు తోలిన మనిషి నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఆ పొద్దుటి గోళీ వేసుకోలేదు. వేసుకుంటే నడపకూడదు, వేసుకోకపోతే నడపలేడు. ఏది మేలో మాకు చెప్పేవాళ్లు లేరు.

ప్లాట్ల హద్దులకు పాతిన తెల్ల రాళ్లు అటూ ఇటూ తీసేసి చేసిన మైదానం అది. ట్రైలర్ ఒకటి, వరసగా పెట్టిన ఖాళీ డ్రమ్ములు. ఆ దేశం మనిషి పొడుగ్గా, ఎండకు ఎర్రబడి ఉన్నాడు. వచ్చినవాళ్ల మిషన్లు ఒక్కొక్కటీ చూశాడు. కొన్నింటికి ముద్ర లేదని పక్కన పెట్టాడు. మాది తిప్పి చూసి, సర్టిఫికెట్ చదివి, బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ మొత్తంలో నేను ఎంచుకున్నది ఒక్కటే అతనికి అంత నచ్చింది. మా ఆయన రెండు చేతులతో పట్టుకుని ఊదాడు. సున్నా. గేటు దగ్గర నిలబడ్డ నాకు ఆ ఆకుపచ్చ వెలుగు కనబడింది.

తర్వాత ట్రైలర్‌ను డ్రమ్ముల మధ్యకు వెనక్కి పెట్టమన్నారు. దేవరయాంజాల్ గోదాముల్లో ఆయన రోజూ చేసే పని అది, అద్దంలో ఒకసారి చూసి పెట్టేస్తాడు. ఆ రోజు ట్రైలర్ తోక పాములా ఊగింది. ఒక డ్రమ్ము పడింది. ముందుకు తీసి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఇంకొకటి పడి దొర్లుకుంటూ గేటు దాకా వచ్చింది. బండి ఆగింది. ఆ దేశం మనిషి మెట్టెక్కి, స్టీరింగ్ మీద నుంచి మా ఆయన చెయ్యి తీసి తన అరచేతిలో పెట్టుకుని చూశాడు. డాక్టరులా చూశాడు. కిందకు దింపి, నీళ్ల సీసా మూత తనే తీసి ఇచ్చాడు. భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. పక్కనున్న ఏజెన్సీ అతను మావైపు తిరిగి, "పానం జాగ్రత్తగ సూసుకోమంటుండు" అన్నాడు. అంతే. పేరు కొట్టేశారు.

తిట్టి పంపితే నేను ఏదో ఒకటి చేసేదాన్ని. ఎవరికో ఒకరికి రాసేదాన్ని. మూత తీసి నీళ్లిచ్చిన మనిషి మీద ఏమని రాయాలి?

తిరిగొచ్చేటప్పుడు దేవరయాంజాల్ రోడ్డు మీద నా భుజం తట్టాడు. ఆపాను. కల్లు దుకాణం ముందు వేపచెట్టు నీడలో స్కూటీ మీదే కూర్చున్నాను. మిషన్ నా సంచిలో ఉంది. లోపలి నుంచి పళ్లేల చప్పుడు, శనగ గుడాలు వేగిన వాసన. బయటికొచ్చినప్పుడు ఆయన మెడ నిటారుగా ఉంది. చేతులు కుదురుగా ఉన్నాయి. నా చున్నీ స్కూటీ చక్రం దగ్గర వేలాడుతుంటే వంగి తీసి, ముడేసి, నా ఒళ్లో పెట్టాడు. అంతకుముందు రోజు చొక్కా బొత్తాం పెట్టుకోలేని వేళ్లు అవి.

"ఊదాల్నా?" అన్నాడు. వెక్కిరింపు కాదు. మామూలుగా అడిగాడు.

వద్దన్నాను. ఇంటి దాకా నేనే నడిపాను.

డాక్టరు రాసిన గోళీలు వంటింటి అలమరలో ఉన్నాయి. నెలల మీద నెమ్మదిగా అన్నాడు గదా, మొదలుపెడదామంటే, "ఇగ దేనికే?" అంటాడు. ఇంకో దేశం పేరు చెబుదామంటే నాకు కూడా ఏదీ గుర్తుకు రాదు. వయసు దాటింది. రోజూ అదే గోదాము, అదే రోడ్డు, అదే దుకాణం. ఆడబిడ్డ ఇప్పుడు ఏమీ అనడం లేదు, నన్ను చూసినప్పుడు తల పక్కకు తిప్పుకుంటుంది. అది కూడా నాకు తెలుస్తూనే ఉంటుంది.

మిషన్ అమ్మినవాళ్ల దగ్గర నుంచి ఇప్పటికీ మెసేజ్ వస్తుంటుంది. మీ సమస్య తీరిందని భావిస్తున్నాం, ఫిర్యాదు మూసేయడానికి ఇక్కడ నొక్కండి అని. మిషన్‌లో లోపం లేదని వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. నేను నొక్కలేదు.